మంచం పక్కన కూర్చున్న మనిషికీ తోడు కావాలి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా చంద్రగిరిలో జరిగిన మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9 మనకు పండగ రోజు. 1982లో ఇదే తేదీన ఆదివాసీల గురించి ఐక్యరాజ్యసమితి వేసిన కార్యవర్గం మొదటిసారి జెనీవాలో కూర్చుంది. దానికి గుర్తుగా 1994లో ఈ రోజును మన పేరున ప్రకటించారు. డప్పు మోగే రోజున రోగం గురించి, చావు గురించి మాట్లాడతానంటే మన కార్యదర్శి గారు కాసేపు ఆలోచించి, "మాట్లాడమ్మా, అదీ మన ఇంటి సంగతే కదా" అన్నారు. ఆయనకు కృతజ్ఞతలు.

నేను డాక్టరును కాను, నర్సును కాను. బీఈడీ చదివి హాస్టల్ వార్డెన్‌గా పనిచేస్తున్నదాన్ని. ఈ సంగతిలోకి నేను ఎట్లా వచ్చానో ముందు చెబుతాను.

కొన్నేళ్ల కిందట పదో తరగతి అమ్మాయి ఒకతె సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి తిరిగి రాలేదు. వారం చూశాను, పది రోజులు చూశాను. ఫోన్ మోగదు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. పెళ్లి గిళ్లీ చేస్తున్నారేమో అన్న భయంతో ఒక ఆదివారం బయల్దేరి పోయాను. ఊరికి చివర, చెరువు కట్ట కింద పది ఇళ్లు. వాకిట్లో అడుగు పెట్టకముందే వాసన వచ్చింది. లోపల నులక మంచం మీద వాళ్లమ్మ. నాకన్నా చిన్నది. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. కరెంటు పెట్టించారు, తగ్గిందన్నారు, మళ్లీ తిరగబెట్టింది. ఆఖరిసారి ఒక పెద్దాసుపత్రికి పోతే "ఇంక మేం చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోండి" అని పంపించారు. తండ్రి మామిడి తోపులో కాపలా, రాత్రిళ్లు కూడా అక్కడే. బడికి రమ్మంటే ఆ పిల్ల నన్ను ఒకటే మాట అడిగింది. "నేనొస్తే అమ్మకు గుడ్డ ఎవరు మారుస్తారు మేడమ్?"

నా దగ్గర జవాబు లేదు. బడి మానేసిన పిల్లల్ని వెనక్కి తెచ్చేటప్పుడు చెప్పడానికి నా దగ్గర చాలా మాటలుంటాయి. చదువు విలువ, ఉద్యోగం, రిజర్వేషను. ఆ మంచం ముందు అవేవీ నోట్లోంచి రాలేదు.

తర్వాత తెలుసుకున్నాను, "చేసేదేం లేదు" అన్న మాట తప్పు అని. జబ్బును నయం చేయడానికి ఏమీ లేకపోవచ్చు. నొప్పి తగ్గించడానికి ఉంది. వాసన తగ్గించడానికి ఉంది. నిద్ర పట్టించడానికి, ఆ పిల్లను బడికి పంపడానికి ఉంది. ఆ పని పేరే పాలియేటివ్ కేర్. తెలుగులో ఉపశమన సేవ అంటున్నారు. నేను మన వాళ్లకు చెప్పేటప్పుడు "తోడు" అంటాను.

ఈ తోడు క్యాన్సర్‌కు మాత్రమే అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 5 కోట్ల 68 లక్షల మందికి ఈ సేవ అవసరం. అందుతున్నది వందలో 14 మందికి. అవసరమున్న పెద్దవాళ్లలో ఎక్కువమంది గుండె, రక్తనాళాల జబ్బులవాళ్లు, ఆ తర్వాత క్యాన్సర్, ఊపిరితిత్తుల జబ్బులు, ఎయిడ్స్, షుగర్. మన కాలనీల్లో పక్షవాతం వచ్చి మూలన పడిన తాత, డయాలసిస్ మానేసిన మామ, టీబీ తగ్గినా ఆయాసం తగ్గని అవ్వ, అందరూ ఇందులో వస్తారు.

దీని చరిత్రలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ అనే ఆమె మొదట నర్సు. నడుము నొప్పి వల్ల ఆ పని మానేసి ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తగా చేరింది. 1948లో చావుకు దగ్గరగా ఉన్న ఒక పోలెండు దేశస్థుడి పక్కన కూర్చునేది. ఆ తర్వాత మరణానికి దగ్గరైనవాళ్లను చూసుకునే ఒక ఆసుపత్రిలో సాయంత్రాలు వాలంటీరుగా పనిచేసింది. నొప్పి వచ్చాక కాకుండా వేళప్రకారం మందు ఇస్తే రోగి ఎంత నెమ్మదిగా ఉంటాడో అక్కడే చూసింది. అప్పుడు పోయి వైద్యం చదివి డాక్టరయింది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. అంటే ఈ విద్య మొదలైందే ఒక వాలంటీరు కళ్లతో. ఒంటి నొప్పి, మనసు నొప్పి, ఇంటి బాధ, దేవుడి మీద ప్రశ్న, నాలుగూ కలిసిందే నొప్పి అని చెప్పింది కూడా ఆమే. నర్సుగా, కార్యకర్తగా, డాక్టరుగా మూడు వైపుల నుంచి చూసింది కాబట్టి ఆ మాట అనగలిగింది.

మన దేశంలో ఆ దారి చూపింది కేరళ. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్, వాళ్ల మిత్రులు చిన్న క్లినిక్ మొదలుపెట్టారు. కొన్నాళ్లకు వాళ్లకు అర్థమైంది: రోగి ఆసుపత్రిలో ఉండేది ఒక గంట, ఇంట్లో ఉండేది ఇరవై మూడు గంటలు. ఆ ఇరవై మూడు గంటలకు డాక్టర్లు చాలరు. అందుకే మలప్పురం వైపు ఊళ్లలో మామూలు మనుషుల్ని పిలిచారు. వారానికి రెండు గంటలు ఇవ్వగలవా అని అడిగారు. ఇవ్వగలిగిన వాళ్లకు 16 గంటల పాఠం, నాలుగు రోజులు నర్సుతో కలిసి ఇళ్లకు తిరిగే శిక్షణ. ఆటో నడిపేవాళ్లు, దుకాణాలవాళ్లు, విద్యార్థులు, ఇల్లాళ్లు చేరారు. 2008లో కేరళ ప్రభుత్వం దీనికి ఒక విధానమే ప్రకటించి పంచాయతీల చేతికి పని అప్పగించింది.

మన తెలుగు నేల మీద హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలాట్ ఈ విభాగాన్ని నిలబెట్టారు. హైదరాబాద్‌లోనే 2011లో స్పర్శ్ హాస్పిస్ మొదలైంది. తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేంద్రాలు వచ్చాయి. మనకు దగ్గరలో చూస్తే వేలూరు సీఎంసీలో ఈ విభాగం ఉంది. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. 2022 నుంచి టాటా ట్రస్టుల వాళ్ల శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది. ఊరి స్థాయిలో చూస్తే, ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాల్లో ఇవ్వాలని చెప్పిన 12 రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణ, పాలియేటివ్ సేవ ఉన్నాయి. కాబట్టి ఇది మనం ఎవరినో దేబిరించే సంగతి కాదు. మనకు రావలసినది.

కానీ పెద్దాసుపత్రికీ పది ఇళ్ల కాలనీకీ మధ్య ఉన్న దూరం బస్సు టిక్కెట్టుతో తీరేది కాదు. మనది ఏజెన్సీ కాదు. యానాదులు, ఎరుకలవాళ్లు, సుగాలీలు, నక్కలవాళ్లు ఊరికి పదిళ్లుగా, చెరువు కట్టల మీద, గుట్టల కింద చెల్లాచెదరుగా ఉన్నాం. ఇంటికి కొత్త మనిషి వచ్చి పుస్తకం తెరిచి పేరు రాసుకుంటే మన పెద్దవాళ్లకు ఇప్పటికీ గుండె దడ. 1871లో మొదలైన చట్టాల వరస మనలో కొన్ని కులాల మీద పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసింది. 1952 ఆగస్టు 31 నాటికి దేశమంతటా ఆ ముద్ర పోయింది. కాయితం మీద పోయింది, భయం అంత త్వరగా పోలేదు. అందుకే మన ఇళ్లకు పోవలసిన తోడు మనలోంచే రావాలి అని నా నమ్మకం.

ఆ అమ్మాయి ఇంటి సంగతికి వస్తాను. ఏఎన్ఎమ్మక్కను పట్టుకున్నాను. ఆమె ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుతో మాట్లాడింది. ఆయన కాయితం రాసిచ్చారు. మార్ఫిన్ మాత్రలు ఇచ్చే అనుమతి ఉన్న ఆసుపత్రికి ఆ కాయితం తీసుకుని నేనే పోయాను. మార్ఫిన్ అంటే మత్తుమందు కదా, అలవాటవుతుందేమో అని నాకే భయం వేసింది. నొప్పి ఉన్న మనిషికి డాక్టరు చెప్పిన కొలతలో, వేళప్రకారం నోటి ద్వారా ఇస్తే ఆ భయం అక్కర్లేదని, దానితో పాటు మలబద్ధకానికి మందు మాత్రం తప్పక ఇవ్వాలని అక్కడ చెప్పారు. మన దేశం నల్లమందు పండించి ప్రపంచానికి పంపుతూ, 1985 చట్టం బిగింపు వల్ల మన రోగులకే ఇన్నేళ్లూ అందకుండా చేసిందని, 2014లో ఆ చట్టాన్ని సవరించారని తర్వాత చదివాను. పుండు వాసనకు నర్సమ్మ ఒక మాత్రను పొడి చేసి చల్లే పద్ధతి చూపింది. మూడో రోజుకు ఇంట్లో వాసన తగ్గింది. అయిదో రోజు ఆ తల్లి రాత్రంతా నిద్రపోయింది.

ఇంక గుడ్డ మార్చే మనిషి. ఆ కాలనీలో ఒక పిన్నమ్మ, మా హాస్టల్‌లోనే చదివి ఇంటర్ దాకా వచ్చి ఆగిన ఒక పాత విద్యార్థిని, ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం. పిల్ల హాస్టల్‌కు వచ్చింది. శనివారం సాయంత్రం ఇంటికి, ఆదివారం రాత్రి మళ్లీ హాస్టల్‌కు. పరీక్షలు రాసింది. తల్లి ఏప్రిల్‌లో పోయింది. పోయిన రాత్రి పిల్ల పక్కనే ఉంది, ఆ పాత విద్యార్థిని కూడా ఉంది.

ఇక్కడితో ఆపితే ఇది మంచి కథ. నేను చేసిన తప్పు దీని తర్వాత ఉంది. ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే.

అంత బాగా చేసిందని ఆ పాత విద్యార్థినిని అందరం మెచ్చుకున్నాం. వారం తిరక్కుండానే ఇంకో ఇంట్లో అవసరం పడింది, "నువ్వైతేనే చేయగలవు" అని పంపించాను. సరే అంది. రెండు వారాలు పోయింది. తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది. ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు అనుకున్నాను. మూడు నెలల తర్వాత చంద్రగిరి బస్టాండులో కనిపించింది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి తల దించుకుంది. పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే చెప్పింది. "మేడమ్, అన్నం కలుపుకునేటప్పుడు ఆ వాసన నా చేతుల్లోంచి వస్తా ఉంది. ఎన్నిసార్లు కడుక్కున్నా వస్తా ఉంది. ఆ రోజు రాత్రి ఆమె నా చెయ్యి పట్టుకునే పోయింది. ఎవరికి చెప్పాలో తెలీలేదు. మీరు మెచ్చుకున్నారు కదా, చేతకాదని ఎట్లా చెప్పేది?"

నేను పిల్లల మనస్తత్వం మీద పరీక్ష రాసి పాసైనదాన్ని. ఒక్కసారి కూడా ఆ పిల్లను "నీకు ఎట్లా ఉంది?" అని అడగలేదు. పొగడ్తే తాళమై ఆ పిల్ల నోరు మూసేసింది. రోగికి తోడు పంపించాను, ఆ తోడుకు తోడు లేకుండా చేశాను.

అప్పటి నుంచి మేం కొంతమందిమి పద్ధతి మార్చుకున్నాం. నర్సమ్మ ఒకామె, రిటైరైన టీచరు ఒకాయన, నేను, మన కాలనీల నుంచి వచ్చిన కొద్దిమంది. ఇందులో బళ్లో నేర్చుకున్నది కొంత ఉంది, దెబ్బ తిని నేర్చుకున్నది ఎక్కువ ఉంది. మన సంఘం వాళ్లు ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుందని వివరంగా చెబుతున్నాను.

మొదటిది, ఎవరిని తీసుకోవాలి. పద్దెనిమిది నిండని పిల్లల్ని వద్దు. మా హాస్టల్ పిల్లల్ని నేను ఎప్పుడూ పంపను. ఇంట్లో చావు జరిగి ఏడాది కాని వాళ్లను ఆపుతాం. వాళ్ల దుఃఖం ఇంకా పచ్చిగా ఉంటుంది. "ఎందుకు చేయాలనుకుంటున్నావు?" అని తప్పక అడుగుతాం. "పుణ్యం వస్తుంది" అన్నా సరే, "మా నాయనకు ఎవరూ చేయలేదు" అన్నా సరే. "ఉద్యోగం వస్తుందని" అంటే మాత్రం రాదని అప్పుడే చెప్పేస్తాం. వాలంటీరు అంటే మన రాష్ట్రంలో అందరికీ వేరే అర్థం తోస్తుంది. జీతం, పింఛను పంపిణీ గుర్తొస్తాయి. ఇది అది కాదని మొదటి రోజే తేల్చాలి.

రెండోది, ఏం నేర్పాలి. నేను టీచర్ని కాబట్టి బోర్డు మీద రాయడంతో మొదలుపెట్టాను. అందరూ నిద్రపోయారు. ఇప్పుడు చేయించి నేర్పుతున్నాం. ఒకరిని మంచం మీద పడుకోబెట్టి, ఇంకొకరిని నిలబడి చెంచాతో నీళ్లు పట్టమంటాం. పడుకున్న మనిషికి పొలమారుతుంది. అప్పుడు తెలుస్తుంది, కూర్చుని, తల కొంచెం ఎత్తి, మింగిందాకా ఆగి ఇంకో చెంచా పట్టాలని. దుప్పటి సాయంతో మనిషిని పక్కకు తిప్పడం, రెండు గంటలకొకసారి తిప్పడం, నడుము కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడడం. నోరు ఆరిపోకుండా తుడవడం. ఆయాసపడే మనిషిని దిండు మీద ముందుకు వాలేటట్టు కూర్చోబెట్టి, కిటికీ తెరిచి, ముఖానికి విసరడం. చేతులు కడుక్కోవడం, తొడుగులు వేసుకోవడం, దగ్గు ఉన్న ఇంట్లో మాస్కు పెట్టుకోవడం.

నొప్పి అడగడం ఒక పాఠం. సున్నా నుంచి పది దాకా ఎంత అంటే చదువుకోని అవ్వకు అర్థం కాదు. పది చింతగింజలు చేతిలో పెట్టి, "అవ్వా, ఇప్పుడు నొప్పి ఎన్ని గింజలంత ఉంది?" అంటాం. నిన్న ఎనిమిది, ఇవాళ నాలుగు అంటే మందు పనిచేస్తోందని నర్సమ్మకు చెప్పొచ్చు. మన భాషలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో నాకు అప్పుడే తెలిసింది. పోటు వేరు, సలుపు వేరు, మంట వేరు, గుంజుడు వేరు. "మంట", "సూదులు గుచ్చినట్టు", "కరెంటు కొట్టినట్టు" అంటే అది నరాల నొప్పి కావచ్చు, దానికి మందు వేరుగా ఉంటుంది. అందుకే రోగి ఏ మాట అంటే ఆ మాటే తెచ్చి చెప్పమంటాం. "బాగా నొప్పంట" అని చెబితే చాలదు. ఎరుకల ముసలాయన నొప్పిలో తన కుర్రు భాషలోకి పోతాడు. సుగాలీ అవ్వ గోర్ బోలిలో మూలుగుతుంది. ఆ భాష తెలిసిన తోడు పక్కనుంటే మందు సగం అక్కడే మొదలవుతుంది.

అన్నిటికన్నా కష్టమైన పాఠం ఊరకుండడం. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతాం. ఒకరు తన కష్టం మూడు నిమిషాలు చెప్పాలి. రెండోవారు సలహా ఇవ్వకూడదు, తన కథ చెప్పకూడదు, "ఏం కాదులే" అనకూడదు. మొదటిసారి ఒక్కరూ నెగ్గరు, నేనూ నెగ్గలేదు. "ధైర్యంగా ఉండు" అంటే అవతలి మనిషి భయం చెప్పుకోవడానికి దారి మూసినట్టే. "నీ కర్మ" అంటే ఇంక చెప్పేదేముంది. దానికి బదులు, "రాత్రి ఎట్లా గడిచింది వదినా?", "దేని గురించి బెంగగా ఉంది మామా?" అని అడిగి ఆగమంటాం. "నేను చచ్చిపోతానా?" అని అడిగితే? అబద్ధం చెప్పొద్దు, తీర్పూ చెప్పొద్దు. "నీకట్లా ఎందుకనిపిస్తోంది?" అని అడుగు. చాలాసార్లు వాళ్లకు తెలిసే ఉంటుంది. ఎవరితోనైనా ఆ మాట అనుకోవాలని ఉంటుంది, అంతే.

చేయకూడనివి కూడా ముందే చెబుతాం. సూది వేయకూడదు. మందు పెంచకూడదు, తగ్గించకూడదు. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకూడదు. మతం ప్రచారం చేయకూడదు. ఆ ఇంట్లో చూసినది పక్కింట్లో చెప్పకూడదు. పది ఇళ్ల కాలనీలో ఒక మాట జారితే ఆ గడప మళ్లీ తొక్కలేం. మన యానాది పెద్దల పసరు వైద్యాన్ని వెక్కిరించకూడదు. పాము కాటుకు, గాయానికి ఆకు తెలిసిన వంశాలు మనవి. కానీ పుండు మీద ఏం రాస్తున్నారో మర్యాదగా అడిగి నర్సమ్మకు చెప్పాలి. పుస్తకంలో రాయాల్సింది బయటికి వచ్చాక రాయాలి, మంచం ముందు కాదు. ఎందుకో ఇందాకే చెప్పాను.

కాయితాల పాఠం కూడా ఉంది. పక్షవాతం లాంటివి వచ్చి పూర్తిగా మంచానికే పరిమితమైన వాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. దానికి వైద్యుల ధ్రువీకరణ కావాలి. మనలో చాలామందికి ఆధార్ సరిగా ఉండదు, పుట్టిన తేదీ ఉండదు, కులపత్రం ఉండదు. నొప్పి తగ్గిన మనిషికి కూడా ఇంట్లో బియ్యం లేకపోతే నిద్ర పట్టదు. సచివాలయానికి నాలుగుసార్లు తిరిగి పింఛను తెప్పించిన కుర్రవాడు కూడా పాలియేటివ్ కేర్ చేసినట్టే.

మూడోది, నిలబెట్టుకోవడం. ఇక్కడే నేను తప్పాను కాబట్టి ఇది అన్నిటికన్నా ముఖ్యమని చెబుతాను. ఎవరినీ ఒంటరిగా పంపం, జంటగానే పంపుతాం. ఒక జంటకు రెండు ఇళ్లకు మించి ఇవ్వం. ఇంటి నుంచి బయటికి వచ్చాక ఇద్దరూ పది నిమిషాలు ఎక్కడైనా కూర్చుని, టీ తాగి, ఏమనిపించిందో చెప్పుకున్నాకే ఇళ్లకు పోవాలి. నెలకు ఒక ఆదివారం అందరం కలుస్తాం. ఆ రోజు రోగుల సంగతి సగం పూటే. మిగతా సగం పూట మన సంగతి. ఏడుపొస్తే ఏడుస్తారు, కోపమొస్తే తిడతారు, రాసుకునేది ఏమీ ఉండదు. రోగి పోతే ఆ జంటకు కొన్ని వారాలు కొత్త ఇల్లు ఇవ్వం. పదకొండో రోజుకో, పెద్ద కర్మకో వాళ్లిద్దరితో పాటు ఇంకొకరు ఆ ఇంటికి పోయి వస్తారు. ఇంటివాళ్లను పలకరించడానికీ, వీళ్ల మనసులో బాకీ తీర్చడానికీ. "నాకు చేతకాదు, కొన్నాళ్లు మానుకుంటా" అని చెప్పినవాళ్లకు చప్పట్లు కొడతాం. నవ్వకండి, నిజంగానే కొడతాం. ఆ మాట నోటికి రానివ్వకపోవడం వల్లే ఒక మనిషిని పోగొట్టుకున్నాం. నిద్ర పట్టక, తిండి సయించక బాధ ముదిరిన వాళ్లను మానసిక వైద్యుల దగ్గరికి పంపడం కూడా మా బాధ్యతే అనుకుంటున్నాం.

నాలుగోది డబ్బు. ఇది మాట్లాడితే సేవకు మచ్చ అనుకుంటారు. కేరళలో వారానికి రెండు గంటలు అన్నది అక్కడ సరిపోయింది. మన దగ్గర రెండు గంటలు అంటే పోయి రావడానికి ఇంకో రెండు గంటలు, ఆ పూటకు కూలి పోయినట్టే. పేదవాడి దగ్గర ఊరికే పని చేయించుకుని దానికి త్యాగం అని పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు. మన పెద్దవాళ్లతో వెట్టి చేయించినప్పుడు కూడా మంచి పేర్లే పెట్టారు. జీతం ఇవ్వలేం, ఇవ్వకూడదు కూడా. కానీ ఆటో ఛార్జీ, ఆ పూట భోజనం, తొడుగులు, సబ్బు, ఫోన్ రీచార్జి, కామెర్ల టీకా, ఇవి తోడు పోయే మనిషి జేబులోంచి పెట్టుకోకూడదు. సంఘం పెట్టాలి.

అందుకని మన సంఘాన్ని మూడు అడుగుతున్నాను. ఒకటి, పండగ చందాలో కొంత భాగం ఈ ఖర్చుకు వేరుగా తీసి పెట్టండి. రెండు, మండలానికి ఒకరు చొప్పున ఒప్పుకున్న మనిషి పేరు ఇవ్వండి. మన కాలనీల్లో మంచాన పడినవాళ్లు ఎంతమంది, ఎవరి ఇంట్లో పిల్ల బడి మానేసి సేవ చేస్తోంది, ఆ లెక్క మన చేతిలో ఉండాలి. మూడు, అక్టోబర్ రెండో శనివారం ప్రపంచ హాస్పిస్, పాలియేటివ్ కేర్ దినం. ఆ రోజు ఆరోగ్య కేంద్రం డాక్టర్లను, ఏఎన్ఎమ్మలను, ఆశా కార్యకర్తలను పిలిచి ఒక పూట మనతో కూర్చోబెట్టండి. శిక్షణ ఇచ్చేవాళ్లు లేరని అనకండి. తిరువనంతపురంలో రాజగోపాల్ గారు మొదలుపెట్టిన పాలియం ఇండియా ఉంది, భారత పాలియేటివ్ కేర్ సంఘం ఉంది. అడగాల్సింది మనం.

కొందరు పెద్దలు నాతో అన్నారు, "మనకు ఇది కొత్త కాదమ్మా, మన కాలనీలో ఎవరైనా పడకేస్తే అందరూ పోయి కూర్చునేవాళ్లు" అని. నిజమే. ఆ మంచితనం ఇప్పటికీ ఉంది. కానీ అప్పుడు అందరూ ఒకే చోట ఉండేవాళ్లు. ఇప్పుడు సగంమంది బెంగళూరులో, చెన్నైలో కూలికి పోయారు. మిగిలింది ముసలివాళ్లు, పిల్లలు. మంచం పక్కన కూర్చోవలసిన బరువు ఒక పదిహేనేళ్ల ఆడపిల్ల మీద పడుతోంది. పాత మంచితనానికి కొత్త పద్ధతి తొడగకపోతే ఆ పిల్ల చదువు పోతుంది.

ఆ ఇద్దరి సంగతి చెప్పి ముగిస్తాను. పరీక్ష రాసిన అమ్మాయి పాసైంది. గొప్ప మార్కులేం కాదు, పాసైంది. తిరుపతిలో చదువుకుంటోంది. ఈ పనిలోకి వస్తావా అని నేను ఎప్పుడూ అడగలేదు, అడగను కూడా. ఆ పిల్ల తన వంతు సేవ పదిహేనేళ్లకే చేసేసింది. ఇంక చదువుకోవాలి, నవ్వుకోవాలి.

మా పాత విద్యార్థిని సంగతి అట్లా కాదు. ఏడాదిన్నర దూరంగా ఉంది. తర్వాత ఒక నెల ఆదివారం మీటింగుకు తనే వచ్చి చివర్లో కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. రెండో నెలా వచ్చింది. మూడో నెల, కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె మొదటి చావు చూసి వచ్చి ఏమీ చెప్పలేక కూర్చుంటే, లేచిపోయి పక్కన కూర్చుని, "నీ చేతులు వాసన వస్తున్నట్టు అనిపిస్తోందా?" అని అడిగింది. కొత్త పిల్ల తలూపింది. నాకు తెలిసిన ఏ పాఠమూ ఆ ప్రశ్నకు సాటి రాదు. ఇప్పుడు ఆమె ఇళ్లకు పోదు. ఇళ్లకు పోయి వచ్చినవాళ్ల పక్కన కూర్చుంటుంది. మాకు అదే పెద్ద పని.

ఈ సభలో కూర్చున్నవాళ్లలో వారానికి రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్లు ఉన్నారు. రెండు గంటలు ఇవ్వలేకపోయినా, పోయి వచ్చిన మనిషికి ఒక టీ పోసి "నీకు ఎట్లా ఉంది?" అని అడగగలిగినవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. సభ అయ్యాక నేను ఈ మెట్ల దగ్గరే ఉంటాను. వచ్చి మాట్లాడండి.